జిహ్వకొక మర్యాద, నియమమునకొక మర్యాద

కార్తీకమాసము ప్రవేశించినంతనే విజయవాడలో మాంసపు అంగళ్ళ ముందు జనము పలుచబడును. తెల్లవారుజామున కృష్ణలో స్నానము చేసి దీపములు విడిచి వచ్చిన ఇల్లాండ్రు ఉల్లిని, వెల్లుల్లిని సైతము దరిజేరనీయక వంట చేయుదురు. నెల గడిచి, పోలిపాడ్యమి నాటి దీపములు కూడ నీటిలో సాగిపోయిన పిమ్మట వచ్చు తొలి ఆదివారమున అవే అంగళ్ళ ముందు తిరిగి వరుసలు తీరును. ఈ రెంటిని ప్రక్కప్రక్కన నిలిపి చూచి, ఇది నిలుకడ లేని నియమమనియు, నెల దినముల వేషమనియు ఆక్షేపించువారు కలరు. ఆ ఆక్షేపణ న్యాయమైనది కాదని నా నమ్మకము. సంవత్సరములో అధికభాగము శాకములతోను పప్పుతోను గడుపుచు, ఏ దినమున నీచు తినవచ్చునో ఏ దినమున తినరాదో ఎరిగి మెలగు ఈ పద్ధతి కృష్ణాడెల్టా ప్రజలు తరతరములుగా సాధించుకొన్న వివేకము. నేడు ఆహారశాస్త్రజ్ఞులు బోధించుచున్న మితము దానికి మిక్కిలి సమీపమున నున్నది.

ఈ మాట ఇప్పుడు చెప్పవలసిన అవసరమేమనగా, ‘చాలవరకు శాకాహారమే’ అను నిశ్చయమునకు వచ్చుచున్న కుటుంబములు మన పట్టణములలో అనేకము కనబడుచున్నవి. ఒకరిని ఆ దారికి రక్తపోటో మధుమేహమో త్రిప్పినది, వేరొకరిని భక్తి, మరియొకరిని మూగజీవుల యెడ జాలి. నిశ్చయము చేసికొనుట సులభమే. కాని ముసురుపట్టిన సాయంకాలమున పొరుగింటి నుండి చేపల పులుసు వాసన వచ్చినప్పుడు, లేక జ్వరము తగ్గి నోరు చప్పబడియున్న దినమున, చిన్ననాటి రుచి ఏదో ఒకటి మనస్సును పట్టుకొని విడువదు. అప్పుడు కొందరు దానిని తమ బలహీనతగా నెంచి తమ్ము తామే నిందించుకొందురు. కొందరు ఒకమారు తిని, ‘ఎటులును వ్రతము చెడినది గదా’ యని నియమమునే విడిచిపెట్టుదురు. ఈ రెండును అనవసరములని చూపుటయే నా ఉద్దేశము.

మొదట మన కంచమును పరిశీలింతము. భారతప్రభుత్వము నమూనా నమోదు పద్ధతి క్రింద 2014లో జరిపిన సర్వేలో, ఆంధ్రప్రదేశమున 15 సంవత్సరములు పైబడినవారిలో నూటికి 98 మంది మాంసాహారులుగా లెక్కకు వచ్చిరి. దేశము మొత్తముమీద ఆ సంఖ్య 71 ప్రాంతమున నున్నది. ఈ అంకెను చూచి ఇచ్చటివారు నిత్యము మాంసమే భుజింతురని భావించుట పొరపాటగును; ఏడాదికి నాలుగుమార్లు తినువాడును ఆ లెక్కలో మాంసాహారియే. ఉయ్యూరు, గుడివాడ, అవనిగడ్డ ప్రాంతముల సామాన్య గృహమున వారములో అధికదినములు కంచములో కనబడునవి అన్నము, కందిపప్పు, ఒక కూర, ఒక రోటిపచ్చడి, చారో పులుసో, చివరకు పెరుగో మజ్జిగయో మాత్రమే. పేరునకు మాంసాహారులైనను, అలవాటున వీరు చాలవరకు శాకాహారులు.

ఈ కంచము వెనుక నీటి చరిత్ర కలదు. సర్ ఆర్థర్ కాటన్ ప్రేరణమున, ఛార్లెస్ ఓర్ పర్యవేక్షణమున 1852లో ఆరంభమై 1855లో పూర్తియైన కృష్ణ ఆనకట్ట బందరు కాలువకు, ఏలూరు కాలువకు, రైవిస్ కాలువకు నీరు మళ్ళించినది; శతాబ్దము గడచిన పిమ్మట, 1957 నాటికి, ప్రకాశం బారేజి దాని పనిని చేపట్టినది. కాలువ పారినచోట వరి నిండినది. వరి కోసిన చేలలో మినుము, పెసర పండినవి. కాలువలలోను, బోదెలలోను, చెరువులలోను చేప పెరిగినది. రెండు డెల్టాల నడుమనున్న కొల్లేరు కొరమేనును, బందరు తీరము రొయ్యను, మెత్తళ్ళను ఇచ్చినవి. కోడిని, మేకను కోయుట పండుగకో చుట్టముల రాకకో జరుగు పనికాగా, చేప మాత్రము పేదవానికిని చేతికందినది. పట్టినదానిలో తినగా మిగిలినది ఎండబెట్టుటచే ఏడాది పొడుగున కుండలో దాచుకొను వస్తువైనది.

ఇచ్చటి వంటలో నేను మిక్కిలి మెచ్చుకొను గుణము ఈ ఎండుచేపను వాడు విధమునందున్నది. చింతచిగురులో ఎండు రొయ్యలు, వంకాయలో మెత్తళ్ళు, దోసకాయలోను గోంగూరలోను సొరకాయలోను రొయ్యపప్పు వేయుట ఈ ప్రాంతపు ఆచారము. దాకెడు కూరకు గుప్పెడు రొయ్యలే. ఐదుగురు పంచుకొన్నచో ఒక్కొక్కరి వంతుకు వచ్చునది చెంచాడు. అయినను ఆ గుప్పెడు కూరనంతటిని మార్చివేయును. ఇందుకు శాస్త్రము చెప్పు కారణము రమ్యమైనది. 1908లో జపానుదేశీయుడైన కికునయే ఇకెడ అను రసాయనశాస్త్రజ్ఞుడు సముద్రపు నాచు రసములోని కమ్మదనమునకు గ్లుటమేటు అను పదార్థము హేతువని కనుగొనెను. 1913లో ఆయన శిష్యుడు షింటారో కొడమ ఎండుచేపలోని రుచికి ఇనోసినేటు కారణమని తేల్చెను. ఈ రెండు జాతుల పదార్థములును కలిసినచో రుచి అనేకరెట్లు హెచ్చునని తరువాతివారు నిరూపించిరి. టమాటాలో మొదటిది సమృద్ధిగా కలదు. ఎండుచేపలో రెండవది కలదు. రసాయనశాస్త్రమును చదువని మన అమ్మమ్మలు, నాయనమ్మలు టమాటా కూరలో పిడికెడు ఎండుచేప వేసి ఏ రుచిని సాధించిరో, దానిని ప్రయోగశాల తరువాత సమర్థించినది. అంతియ కాదు, ఆకుకూరలలోను పప్పులలోను ఉండు ఇనుము శరీరమునకు కొద్దిగానే పట్టును, వానితోపాటు స్వల్పముగా చేపయో మాంసమో తిన్నచో అధికముగా పట్టును. ఆ చెంచాడు రొయ్యలు నాలుకకే కాక రక్తమునకును ఉపకరించుచున్నవి.

పరిమాణమునకు హద్దు నేర్పినది దాక యైనచో, కాలమునకు హద్దు నేర్పినది పంచాంగము. సోమవారము శివునిదనియు, మంగళవారము ఆంజనేయునిదనియు, శనివారము వేంకటేశ్వరునిదనియు ఒక్కొక్క ఇంట ఒక్కొక్క వారము నీచు మానుదురు. శ్రావణము, కార్తీకము వంటి మాసములు కొందరికి పూర్తిగా శాకాహారదినములు. ఇంద్రకీలాద్రిపై వెలసిన కనకదుర్గమ్మకు భవానీదీక్ష పట్టినవారు ఎర్రని వస్త్రములు ధరించి 41 దినములు సాత్త్వికాహారముతో గడపి, ఇరుముడితో కొండకు చేరి మాల విసర్జింతురు. మరి సంక్రాంతి వెంట వచ్చు కనుమనాడు వేడిగారెలకు నాటుకోడి పులుసు తోడగుట అనేక గృహములలో ఆచారము. వీరిలో ఎవరును కనుమనాడు తిన్నందుకు కార్తీకము చెడినదని ఏడ్వరు. కార్తీకమున మానినందుకు కనుమ కోల్పోతిమని వగవరు. ‘ఎన్నడును వలదు’ అను ఆజ్ఞ మనస్సును ఎదురు తిరుగజేయును; ‘నేడు వలదు’ అను మాట దానిని ఓపిక పట్టజేయును. ఈ సూక్ష్మమును గ్రహించినందువలననే మన పెద్దలు విధించిన నియమములు సామాన్యుడు కూడ పాటింపగలిగినవై నిలిచినవి.

ఇక కోరిక స్వభావమును విచారింతము. ఆకలి రుచి ఎరుగదని మన సామెత. కోరిక రుచిని తప్ప వేరొండెరుగదు. ఆకలిగొన్నవాడు చద్దన్నములో మజ్జిగ పోసికొని, ఉల్లిపాయ కొరుకుకొని తృప్తిపడును. కోరిక పుట్టినవాడు కడుపు నిండియున్నను ఫలానావారి చేతి ఫలానా వంటకొరకే అలమటించును. 1944–45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు, స్వచ్ఛందముగా ముందుకు వచ్చిన 36 మంది యువకులకు ఆరు మాసములపాటు అరకొర ఆహారమిచ్చి పరిశీలించెను. బరువు తగ్గుటకు తోడు వారి చిత్తవృత్తియే మారిపోయినది. వంటల పుస్తకములు చదువుచు కూర్చుండిరి, భోజనమును గూర్చియే మాటలాడుకొనిరి, కలలలోను దానినే కనిరి. అది కరవు తీవ్రతను తెలిసికొనుటకు చేసిన పరీక్షయే యైనను, కఠినముగా నిరోధింపబడిన ఆహారమును మనస్సు ఎట్లు పట్టుకొని వ్రేలాడునో దానివలన లోకమునకు తేటతెల్లమైనది.

నిరోధము కోరికకు ఒక మూలమైనచో, రెండవ మూలము స్మృతి. వాసనను గ్రహించు నాడులు మెదడులో జ్ఞాపకమునకును, భావోద్రేకమునకును సంబంధించిన స్థానములకు అతిసమీపమున చేరును. కావుననే తిరగమోతలో ఇంగువ చిటపటలాడినంత మాత్రమున నలువది యేండ్లనాటి వంటిల్లు కన్నులయెదుట నిలుచును. కాని మన చిన్ననాటి ఊరడింపు వంటలను ఒకమారు లెక్కించి చూడుడు: నేయి వేసిన ముద్దపప్పులో నూజివీడు మామిడికాయతో పెట్టిన ఆవకాయ, వడియములు నంజుకొని తిను పప్పుచారు, మీగడ కలిపిన ఉలవచారు, పెసరట్టులో ఉప్మా, గాంధీనగరపు బాబాయి హోటలులో వెన్నతో వడ్డించు ఇడ్లీ. ఇవియన్నియు శాకాహారములే. న్యూజెర్సీలోను, డల్లాసులోను కాపురముండు కృష్ణాజిల్లావారు సెలవులు ముగిసి మరలిపోవునపుడు పెట్టెలలో సర్దుకొనునవి ఆవకాయ, గోంగూర, కందిపొడి. ఊరట కొరకు మాంసమే కావలెనను భ్రమ మనలో చాలమందికి కలదు. ఊరటనిచ్చునది తెలిసిన చేయి, తెలిసిన పులుపు, తెలిసిన కారము.

ఋతువునుబట్టి నాలుక కోరిక మారుననుటయు మనవారెరుగని విషయము కాదు. ఘంటసాలకు సమీపమున, కృష్ణాతీరమునగల శ్రీకాకుళములో ఆంధ్రమహావిష్ణువు స్వప్నమున కనబడి ఆజ్ఞాపింపగా రచించితినని శ్రీకృష్ణదేవరాయలు చెప్పుకొన్న ఆముక్తమాల్యదలో, విష్ణుచిత్తుడు అతిథులకు వానకాలమున పప్పు, వడియములు, వరుగులతోను, వేసవిలో మజ్జిగపులుసు, చెరకురసము, కొబ్బరినీళ్ళతోను, శీతకాలమున మిరియపుపొడి చల్లిన వేడికూరలు, కాచిన నేతితోను విందుచేయును. ఋతువెరిగి వడ్డించిన భోజనము తిన్నవానికి అకాలపు కోరికలు తగ్గునని ఈ వర్ణన చదివిన ప్రతిమారును నాకు తోచును.

విజయవాడ ఇటీవలి కాలమున ఆహారనియమములకొక పీఠమైనది. ఉండవల్లి వద్ద కృష్ణ కరకట్టపై ప్రకృతి చికిత్సాలయము నెలకొల్పిన మంతెన సత్యనారాయణరాజుగారు ఉప్పు, నూనె లేని వంటలను, మొలకలను, పండ్లను సంవత్సరముల తరబడి బోధించిరి. అదే నగరమున వీరమాచనేని రామకృష్ణగారు అన్నమును, ఇతర ధాన్యములను కొంతకాలము మానిపించి, కొబ్బరినూనె వంటి కొవ్వును దినమునకు 70 నుండి 100 గ్రాములవరకు తీసికొనుమని, గ్రుడ్లు, మాంసము తినవచ్చునని చెప్పు పద్ధతిని ప్రచారము చేయగా, 2017, 2018 ప్రాంతములందు తెలుగునాట అది ఇంటింట చర్చకు వచ్చినది. ఒకే నగరము రెండు విరుద్ధదిశలను చూపినదన్నచో, ప్రజలు ఎంత ఆతురతతో దారి వెదకుచున్నారో ఊహింపవచ్చును. ఈ పద్ధతుల గుణదోషములను తేల్చుట వైద్యుల పని. మధుమేహమునకు మందులు వాడువారు వారిని సంప్రదింపక ఏ తీవ్రనియమమునకును దిగరాదు. నేను చెప్పగలిగినది ఒక్కటియే. తీవ్రనియమమును కొన్నాళ్ళు పట్టి, పండుగనాటికి విడిచి, పిదప పూర్వముకన్న ఎక్కువగా తిన్నవారికి మన బంధువర్గములలో కొరతలేదు. జీవితాంతము నడువగలిగిన మార్గమే మార్గము.

కోరికలలో కొన్ని శరీరము పంపు హెచ్చరికలని కూడ తెలిసికొనవలెను. పచ్చిబియ్యము, మట్టి, బలపము తినవలెనని పదేపదే బుద్ధి పుట్టినచో అది జిహ్వచాపల్యము కాదు. స్త్రీలలోను బాలలలోను తరచు కనబడు ఈ లక్షణము రక్తములో ఇనుము కొరవడినదనుటకు గుర్తు కావచ్చును, రక్తపరీక్ష చేయించుకొనవలెను. చేపల పులుసు మీదికి మనస్సు పోయినంత మాత్రమున శరీరమున ఏదియో లోపించినదని చెప్పుటకు మాత్రము వీలులేదు. లోపము లేకుండ చూచుకొనుట వేరు విషయము. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరులనిద్దరిని ‘స్ప్రూ’ అను గ్రహణివ్యాధి బలిగొన్నది. తానును దానిబారిన పడి బ్రతికి, అమెరికా చేరి, లెడర్లీ పరిశోధనాలయమున తన సహచరులచేత ఆ వ్యాధికి ఔషధమైన ఫోలిక్ ఆమ్లమును 1945 నాటికి కృత్రిమముగా తయారుచేయించెను. ఆ పదార్థము మన తోటకూర, పాలకూర, పప్పులలో పుష్కలముగా లభించును. దానికి తోడుగా పనిచేయు బి12 విటమినును 1948లో కాలేయమునుండి వేరుచేసిరి; అది ఏ ఆకుకూరలోను లేదు, పాలు, పెరుగు, గ్రుడ్లు, చేపలు, మాంసములలోనే కలదు. కావున చాలవరకు శాకాహారులైనవారు పాలు పెరుగులను నిర్లక్ష్యము చేయరాదు. వానినికూడ విడిచినవారు వైద్యుని సలహాపై బి12 మాత్రలు వాడవలెను. 1918లో కూనూరులో పుట్టి 1958లో హైదరాబాదు చేరిన జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన మార్గదర్శకములు కంచములో సగము కూరలకు, పండ్లకు కేటాయించి, గ్రుడ్లకును మాంసమునకును పప్పులతోపాటు ఒక చిన్నభాగమునే ఇచ్చినవి. మన దాకెడు కూర, గుప్పెడు రొయ్యల లెక్క దీనికి దూరము కాదు.

కోరిక పుట్టినప్పుడు ఏమి చేయవలెను? ముందు దాని మూలము నరయవలెను. నాలుక కోరునది మసాలాయు పులుసుదనమునైనచో, గుత్తివంకాయయో, ఉల్లి, అల్లము బాగుగ వేయించి వండిన పుట్టగొడుగుల కూరయో, మీల్‌మేకర్ వేపుడో, చిక్కగా మరిగించిన ఉలవచారో చాలవరకు దానిని తీర్చును. స్మృతి కోరినచో ఆ వంటను స్మృతితోనే తినవలెను. వీధిదుకాణమున నిలువబడి మ్రింగుటకన్న, ఇంట నలుగురితో కూర్చుండి తిన్న స్వల్పము అధిక తృప్తినిచ్చును. గ్రుడ్డుపులుసుతో సరిపెట్టుకొనగలవారు అంతటితో నిలువవచ్చును. చేపయే కావలెనన్నవారు వేపుడునకు బదులు పులుసు పెట్టుకొని, కంచములో ముందు కూర, పప్పు వడ్డించుకొని, తరువాత ఒకటి రెండు ముక్కలు వేసికొనవలెను. ఎండుచేపలలో ఉప్పు అధికము; రక్తపోటు కలవారు వానిని వేడినీట కడిగి, కూరలో వేరుగా ఉప్పు తగ్గించి వండుకొనవలెను. ఊరగాయలకును ఇదే న్యాయము వర్తించును. భోజనము ముగిసిన వెంటనే టీ త్రాగినచో ఇనుము పట్టుట తగ్గును గాన కొంత వ్యవధి నీయవలెను. కూరపై నిమ్మరసము పిండినచో హెచ్చును.

వీనికన్న ముఖ్యమైనది ఇంటివారి ప్రవర్తన. ఒకే ఇంట మామగారు దీక్షలోను, కోడలు నిండుచూలాలుగాను, మనుమడు పరుగులెత్తు వయస్సులోను ఉండవచ్చును; ముగ్గురకు ఒకే కంచము పనికిరాదు. దీక్షలోనున్నవారి ఎదుట నీచు వండకుండుట ఎంతటి మర్యాదయో, చూలాలు నోరు తెరిచి ఏదైన అడిగినప్పుడు పదిమంది నడుమ సిగ్గుపరుపకుండుట అంతటి మర్యాద. వండు శ్రమ అంతయు ఒక్కరిపై పడునప్పుడు, రెండు విధముల వంట కోరువారు చేయి కలుపవలెను. శాకాహారము అవలంబించినవారు ఇతరుల కంచమును హీనముగా చూడరాదు. మాంసము తినువారు మానినవారిని ఎగతాళి చేయరాదు. జన్మతః శాకాహారులై యుండి ఆజన్మము అట్లే నిలువగోరువారి నిష్ఠ పూజ్యమైనది. వారిని రొయ్య రుచి చూడుమని బలవంతపెట్టుటకు ఈ వ్యాసము ప్రమాణము కాదు.

పాఠకులకు నేను విన్నవించునది ఇంతే. మీరు చాలవరకు శాకాహారమునకు మరలదలచినచో శుభము; మీ శరీరమునకు, భూమికి, ప్రాణులకు అది మేలు. కాని ఆ నిశ్చయమును పగుళ్ళుబారని శపథముగా చేసికొనకుడు. వారములో దినములు నిర్ణయించుకొనుడు, పండుగలకు చోటీయుడు, కోరిక వచ్చిననాడు కొంచెము తిని మరునాడు మరల పప్పన్నమునకు రండు. ఒకనాటి పులుసువలన చెడునంతటి నియమము ఎన్నడును నియమము కాదు. మూడువందల దినముల శాకాహారమును ఒక ఆదివారము రద్దుచేయజాలదు.